దించడానికి తొందరపెట్టొద్దు

అనంతపురంలో మేడెక్కి తలెత్తి చూస్తే బెంగళూరు వైపు వెళ్లే విమానాలు కనిపిస్తాయి. అవి కిందికి దిగడం మొదలుపెట్టేది చాలాసార్లు మన ఊరి దాపుల్లోనే. వెయ్యి అడుగులు దిగడానికి మూడు నాటికల్ మైళ్ల దూరం కావాలన్నది పైలట్ల లెక్క. దేవనహళ్లిలోని బెంగళూరు విమానాశ్రయం సముద్రమట్టానికి సుమారు 3 వేల అడుగుల ఎత్తులో ఉంది. 35 వేల అడుగుల నుంచి అక్కడికి దిగాలంటే 96 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 178 కిలోమీటర్లు పడుతుంది. వేగం తగ్గించుకోవడానికి ఇంకొంత దూరం కావాలి.

అంత ఎత్తులో గాలి సాంద్రత నేల మీద ఉన్నదాంట్లో మూడో వంతు కూడా ఉండదు. వేగం బాగా తగ్గితే రెక్కలు విమానాన్ని మోయలేవు. మరీ పెరిగితే ధ్వని వేగానికి దగ్గరై విమానం అదురుతుంది. పైకి వెళ్లేకొద్దీ ఈ రెండు హద్దుల మధ్య చోటు ఇరుకవుతుంది. 2009 జూన్ 1న అట్లాంటిక్ మీద ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానంలో వేగం కొలిచే గొట్టాలకు మంచు పట్టింది. ఆటోపైలట్ ఆగిపోయింది. పైలట్ విమానం ముక్కు పైకెత్తడంతో వేగం పడిపోయి 228 మంది ప్రాణాలు పోయాయి.

దిగేటప్పుడు కష్టం ఇంకో రకంది. గువ్వలచెరువు ఘాట్‌లో లారీ దించే డ్రైవర్లకు దీని గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. వాలులో బండి తనంతట తానే పరుగెత్తుతుంది, పైన నిదానించనివాడు మలుపులో బ్రేకును నమ్ముకోవాల్సి వస్తుంది. విమానమూ అంతే. దిగడం ఆలస్యమైతే నిటారుగా దిగాలి, నిటారుగా దిగితే వేగం తగ్గదు.

2010 మే 22న మంగళూరులో జరిగింది ఇదే. అక్కడి రాడార్ పనిచేయక దుబాయ్ నుంచి వచ్చిన విమానానికి దిగే అనుమతి ఆలస్యమైంది. కెప్టెన్ ఆ లోటు సర్దుకోలేదు. ఎత్తు ఎక్కువ, వేగమూ ఎక్కువ. 'గో అరౌండ్', అంటే దిగడం మానేసి మళ్లీ పైకి లేవమని, కో-పైలట్ మూడుసార్లు చెప్పినా వినలేదు. 2,450 మీటర్ల రన్‌వే మీద దాదాపు 1,600 మీటర్లు దాటాక చక్రాలు నేలను తాకాయి. మిగిలిన రన్‌వేలో విమానం ఆగలేదు, 158 మంది చనిపోయారు. గల్ఫ్ నుంచి ఇల్లు చేరాలని ఎక్కినవాళ్లు వాళ్లలో ఎందరో. కడప, రాయచోటి ఇళ్లకు ఆ ఎదురుచూపు తెలుసు.

ఓర్వకల్లులోని కర్నూలు విమానాశ్రయం రన్‌వే 2 వేల మీటర్లు. పెద్ద జెట్లు కావాలని కర్నూలు అడగడం న్యాయమే, ముందు రన్‌వే పొడవు పెంచమని అడగడం ఇంకా న్యాయం.

గో అరౌండ్ అంటే ఓటమి కాదు. ఎత్తు, వేగం లెక్కకు రాలేదని గ్రహించి మళ్లీ పైకి లేచే పైలట్‌ను ఏ సంస్థా సంజాయిషీ అడగకూడదు. ఇంధనం ఖర్చు, ఆలస్యం ఆ నిర్ణయానికి అడ్డు రాకూడదు. పక్కన కూర్చున్న జూనియర్ చెప్పిన మాటను కెప్టెన్ వినేలా శిక్షణ ఉండాలి. మనమూ అరగంట ఆలస్యమైందని సిబ్బంది మీద అరవడం మానుకోవాలి.

విమానయాన సంస్థలను మేము కోరేది ఇంకొకటి ఉంది. చక్రాలు నేలను తాకే ముందు విమానం ఒక్కసారిగా పైకి లేస్తే, మొదటిసారి ఎక్కిన పల్లెటూరి పెద్దాయనకు గుండె జారిపోతుంది. ఆ టెన్షన్‌లో ఇంగ్లిష్, హిందీ ప్రకటన ఆయనకు అందదు. ఎందుకు లేచామో, మళ్లీ ఎంతసేపట్లో దిగుతామో రెండు ముక్కలు తెలుగులో చెప్పించండి.