ఆవకాయ అమ్ముదామని యాడ్ పెడితే
మా వదిన పచ్చళ్ల వ్యాపారానికి ఒక కుర్రాడి చేత సెర్చ్ యాడ్ (నెట్లో వెతికేవాళ్లకి కనిపించే ప్రకటన) పెట్టించింది. రోజుకి 500 రూపాయలు. పది రోజులైనా ఒక్క ఆర్డరూ రాలేదని ఫోన్లో ఏడ్చేసింది. జనం ఏం వెతికితే యాడ్ కనిపించిందో చూపే సెర్చ్ టర్మ్స్ రిపోర్ట్ తెరిచి చూస్తే నా కడుపు తరుక్కుపోయింది. ‘ఆవకాయ తయారీ విధానం’, ‘ఆవకాయకి ఏ కాయ మంచిది’, ‘పచ్చడికి బూజు పడితే ఏం చేయాలి’... వీళ్లంతా ఇంట్లో పెట్టుకునేవాళ్లు, కొనేవాళ్లు కాదు! అయినా ప్రతి క్లిక్కుకీ డబ్బులు పోయాయి. కీవర్డ్‌ని, అంటే యాడ్ కోసం ఎంచుకున్న మాటని, దానికి సంబంధం ఉన్న ఏ వెతుకులాటకైనా యాడ్ చూపించే బ్రాడ్ మ్యాచ్‌లో వదిలేస్తే అంతే మరి. ‘తయారీ’, ‘విధానం’, ‘బూజు’ అన్నీ, ఆ మాటలుంటే యాడ్ చూపించొద్దని చెప్పే నెగెటివ్ కీవర్డ్స్‌లో పడేయాలి, రెండు నిమిషాల పని. యాడ్ చూసుకోవడానికి నెలనెలా ఫీజు తీసుకుంటానన్న ఆ కుర్రాడు ఆ రిపోర్ట్ ఒక్కసారైనా తెరవలేదు. 5,000 రూపాయలు! ఈ ఏడాది కారానికీ నూనెకీ దాచుకున్న డబ్బు అది.