ఊహాదేశంలో వలస వచ్చినవారి చోటు

మా సంఘం ఆదివారపు తెలుగు తరగతిలో పెద్ద పిల్లలకు ఈమధ్య ఒక పని ఇచ్చాం. తమకు నచ్చిన దేశాన్ని ఊహించి, దాని ప్రభుత్వం, ఆర్థిక వ్యవస్థ, సమాజం ఎలా ఉంటాయో రెండు పేజీల్లో రాయమన్నాం. రంగురంగుల జెండాలు, పన్నుల్లేని బడ్జెట్లు, జైళ్లు అక్కర్లేని నగరాలు చాలానే వచ్చాయి. బయటి నుంచి వచ్చేవారి సంగతి మాత్రం ఒక్కరూ రాయలేదు. రాసినవారంతా వలస కుటుంబాల పిల్లలే కావడం వల్ల ఆ వెలితి ఇప్పటికీ నా మనసులోంచి పోవడం లేదు.

ఊహాదేశాల కోవకు పేరే పెట్టిన 'యుటోపియా'ను అప్పుడే మళ్లీ చదివాను. 1516లో ఇంగ్లండ్ రచయిత థామస్ మోర్ లాటిన్‌లో రాసిన ఆ పుస్తకంలోని దీవిలో 54 నగరాలుంటాయి. ప్రతి 30 కుటుంబాలూ ఏటా ఒక ప్రతినిధిని ఎన్నుకుంటాయి. డబ్బు చలామణీ లేదు, పని రోజుకు ఆరు గంటలే. అంత తక్కువ పనితో దేశం ఎలా గడుస్తుందంటే, ఇతర దేశాల్లో ఖాళీగా కూర్చునే భూస్వాములు, వారి పరివారం, మతాచార్యులు, స్త్రీలు కూడా పనిలోకి దిగితే ఆ శ్రమ చాలునంటాడు. (స్త్రీలను ఖాళీగా ఉన్నవారి లెక్కలో వేయడంలోనే ఇంటి చాకిరీని ఆయన పనిగా చూడలేదని తెలిసిపోతుంది.) నాకు అన్నిటికంటే నచ్చింది సభా నియమం: ఏ ప్రతిపాదననూ వచ్చిన రోజే చర్చించకూడదు, ఎందుకంటే తొందరపడి ఒక మాట అన్నవాడు ఆ తర్వాత దేశం మేలు పక్కనబెట్టి తన మాట నెగ్గించుకోవడానికే పాటుపడతాడు. మన కార్యవర్గాలు కూడా అనుసరించదగిన నియమమిది.

అయితే అక్కడ బానిసలూ ఉన్నారు. పశువులను కోయడం, భోజనశాలల్లో మురికి పనులు చేయడం వారి వంతు. యుద్ధంలో పట్టుబడినవారు, శిక్ష పడినవారు కాక, పొరుగు దేశాల నుంచి తమంతట తామే వచ్చి కొలువులో చేరే పేదలను కూడా మోర్ ఆ జాబితాలోనే చేర్చాడు. వారిని దాదాపు పౌరులతో సమానంగా ఆదరిస్తారు, పని మాత్రం కాస్త ఎక్కువ చెబుతారు. వెళ్లిపోతామంటే ఆపరు, వట్టి చేతులతోనూ పంపరు.

ఈ వాక్యాల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఆయన కాలానికి ఇది దయగల ఏర్పాటే. కానీ పొరుగు దేశం నుంచి వచ్చిన ఆ మనిషి, తన చెమట కలిసిన నగరంలో ఎప్పటికి పౌరుడవుతాడో, ఆ 30 కుటుంబాల లెక్కలోకి ఎన్నడు వస్తాడో పుస్తకం చెప్పదు. మంచిగా చూసుకోవడం వేరు, హక్కు ఇవ్వడం వేరు. మొదటిది యజమాని మనసును బట్టి ఉంటుంది. రెండోది చట్టంలో రాసి ఉంటుంది కనుక, మనసు మారినా నిలుస్తుంది. పనిలో, పన్నులో, చట్టానికి లోబడడంలో అందరితో సమానుడైన మనిషికి నిర్ణయాల్లో మాట లేకపోతే, ఆ దేశపు రాజ్యాంగం ఎంత అందంగా ఉన్నా అసంపూర్ణమేనని నా నమ్మకం.

ఊహాదేశంలో వలస వచ్చినవారి హక్కుల అధ్యాయం రాయడం కష్టమే. ఎవరిని రానివ్వాలి, ఎంతమందికి ఇళ్లూ బడులూ సరిపోతాయి, భాష రాకపోతే ఏం చేయాలి అన్న ప్రశ్నలకు తేలిక జవాబులు లేవు. అందుకే పిల్లల చేతనే రాయించాలని తరగతి బాధ్యులను కోరుతున్నాను. అవే దేశాలకు మూడో పేజీ చేర్చమందాం. కొత్తగా వచ్చిన మనిషికి మొదటి రోజు ఏ హక్కులుంటాయి, ఐదేళ్ల తర్వాత ఏముంటాయి, అతని బిడ్డ అక్కడే పుడితే ఆ బిడ్డ ఎవరు అన్నవి అందులో ఉండాలి. రాసినవి వచ్చే సంచికలో అచ్చు వేయడానికి చోటు కేటాయించమని సంపాదకవర్గానికి నా విన్నపం.