పక్కవారి స్వరం వింటేనే శ్రుతి కుదిరేది

1978 ఏప్రిల్ 22న జమైకా రాజధాని కింగ్‌స్టన్ స్టేడియంలో బాబ్ మార్లే పాడుతున్నాడు. బయట వీధుల్లో రెండు పార్టీల అనుచరులు తుపాకులతో తలపడుతున్న రోజులవి. పాట మధ్యలో ప్రధాని మైఖేల్ మ్యాన్లీని, ప్రతిపక్ష నేత ఎడ్వర్డ్ సియాగాను వేదిక మీదికి పిలిచి, ఇద్దరి చేతులూ కలిపి పైకెత్తాడు. ఆ ఫొటో ఇప్పటికీ కళ్లు చెమర్చేలా చేస్తుంది. కానీ రెండేళ్లు తిరిగేసరికి, 1980 ఎన్నికల ఏడాదిలో, అక్కడ రాజకీయ హింసకు వందల మంది బలైపోయారు.

తప్పు పాటది కాదు. శాంతి తెచ్చే బరువంతా ఒక్క రాత్రి కచేరీ మీద పెట్టడమే తప్పు. పైగా పాటకు సొంతంగా మంచితనమేమీ ఉండదు. 1994లో ఆఫ్రికా దేశమైన రువాండాలో టుట్సీ తెగవారి ఊచకోతకు ఉసిగొల్పిన ఆర్‌టీఎల్‌ఎం రేడియో కూడా జనానికి నచ్చే పాటలు వేస్తూనే విషం పంచింది.

కలిసి వినడం వేరు, కలిసి సాధన చేయడం వేరు. నాకు నమ్మకమున్నది రెండోదాని మీదే. 1999లో సంగీతకారుడు డేనియల్ బారెన్‌బాయిమ్, పాలస్తీనాలో పుట్టిన మేధావి ఎడ్వర్డ్ సయీద్ కలిసి ఇజ్రాయెల్, అరబ్ దేశాల యువ కళాకారులను జర్మనీలోని వైమార్‌కు రప్పించి, ఒక ఆర్కెస్ట్రాగా (వాద్యబృందంగా) కూర్చారు. ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయించేవాళ్లు ఇద్దరిద్దరుగా కూర్చుంటారు. ఇద్దరికీ ఒకటే స్టాండు, దాని మీద ఒకటే స్వరలిపి. ఒకరు పేజీ తిప్పుతుంటే రెండోవారు వాయిస్తూనే ఉండాలి. కమాను ఇద్దరిదీ ఒకేసారి పైకి లేవాలి, ఒకేసారి కిందికి దిగాలి. పక్కన కూర్చున్నవారి దేశం మీద ఎంత కోపమైనా ఉండనీ, వారి స్వరం చెవిన పడకపోతే తన శ్రుతి నిలవదు. ఒక రోజు కాదు, సాధన సాగినన్నాళ్లూ అలా వినాల్సిందే. వాయిద్యాలు పక్కన పెట్టాక సయీద్ సమక్షంలో వాదనలూ జరిగేవి. ఆ బృందం యుద్ధాన్ని ఆపలేదు. ఆపుతామని వాళ్లు చెప్పనూ లేదు. ఎదుటివాళ్ల గురించి మనకున్న అజ్ఞానం మీదే తమ పోరాటమన్నారు.

అందుకే సమైక్యత పేరుతో భారీ వేదికలు, బాణసంచా చూస్తే నాకు దిగులేస్తుంది. ఆ డబ్బుతో రెండు వర్గాల పిల్లలూ వారానికి మూడుసార్లు కలిసే ఒక సాధన గది ఏళ్ల తరబడి నడుస్తుంది. దాన్ని ప్రారంభించడానికి ఏ మంత్రీ రాకపోవచ్చు.

రువాండాలోనే 2004లో ఓడిల్ గకిరే కటేసే అనే నాటకకర్త మహిళల డోలు బృందాన్ని మొదలుపెట్టారు. అక్కడ ఆడవాళ్లు డోలు ముట్టకూడదన్నది పాత ఆచారం. 1994లో అయినవాళ్లను పోగొట్టుకున్నవారూ, చంపినవారి ఇళ్ల ఆడవాళ్లూ అందులో పక్కపక్కనే నిలబడి, ఒకే తాళానికి కర్రలు ఎత్తుతున్నారు.