జన్యువుకు మతం అంటగట్టొద్దు

అష్కెనాజీ యూదుల్లో దాదాపు 6 శాతం మంది పెద్దపేగు క్యాన్సర్ ముప్పు పెంచే ఒకే జన్యు మార్పుతో పుడుతున్నారని అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ శాస్త్రవేత్తలు 1997లో ప్రకటించారు. అంతకు రెండేళ్ల ముందే రొమ్ము క్యాన్సర్ జన్యువు గురించి ఇలాంటి వార్తే వచ్చింది. మధ్య, తూర్పు యూరప్ నుంచి వచ్చిన ఆ సమాజం ఉలిక్కిపడింది. జాతిశుద్ధి పేరుతో నాజీలు సాగించిన మారణకాండను కళ్లారా చూసినవారు అప్పటికింకా బతికే ఉన్నారు. వారి భయాన్ని అమాయకత్వమని కొట్టిపారేయలేం.

ఇంతకీ ఆ మార్పు ఏమిటి? పేగు కణాలు అదుపు తప్పి పెరగకుండా చూసే జన్యువు పేరు ఏపీసీ. అందులో డీఎన్ఏ అక్షరాల వరసలో ఒకచోట మూడు ‘ఏ’లు, ఒక ‘టీ’, మళ్లీ నాలుగు ‘ఏ’లు ఉండాలి. ‘టీ’ స్థానంలోకి ‘ఏ’ రావడంతో ఎనిమిది ‘ఏ’లు వరసకడతాయి. దానివల్ల ప్రొటీన్ పనితీరు పెద్దగా చెడదు. కణం విభజన చెందేటప్పుడే అసలు చిక్కు. రామకోటి రాసేవారు లెక్క తప్పినట్టు, నకలు తీసేటప్పుడు ఒక ‘ఏ’ ఎక్కువో తక్కువో పడుతుంది. పొరపాటు పడిన కణంలో ఆ జన్యువు ఇక పనికిరాదు. అంటే పుట్టుకతో వచ్చింది జబ్బు కాదు, జబ్బుకు సందు.

ముప్పు ఎంతన్నది కూడా తేల్చుకోవాలి. ఏపీసీలోనే వచ్చే మరికొన్ని మార్పులు పేగు నిండా చిన్న గడ్డల్లాంటి వందలు, వేల పాలిప్‌లు పుట్టిస్తాయి. వైద్యం అందకపోతే ఆ కుటుంబాల్లో క్యాన్సర్ దాదాపు తప్పదు. అష్కెనాజీల మార్పు ఆ కోవలోది కాదు. మొదట ముప్పు రెట్టింపన్నారు, తర్వాతి అధ్యయనాలు అంతకంటే తక్కువేనన్నాయి. నిజంగా భయపడాల్సింది వేరే ఉంది. ఎంఎస్‌హెచ్2 అనే జన్యువులో వచ్చే మార్పు, పెద్దపేగు సహా పలు క్యాన్సర్ల ముప్పును వంశపారంపర్యంగా బాగా పెంచే లించ్ సిండ్రోమ్‌కు దారితీస్తుంది. పెద్దపేగు క్యాన్సర్ వచ్చిన అష్కెనాజీల్లోనూ అది ఒక శాతంలోపే కనిపిస్తుంది. అది ఉన్నవారు మాత్రం పాతికేళ్లు దాటకముందే మొదలుపెట్టి ఏడాదికో రెండేళ్లకో కొలొనోస్కోపీ (పెద్దపేగును కెమెరా గొట్టంతో చూసే పరీక్ష) చేయించుకోవాల్సిందే. పతాక శీర్షికలన్నీ 6 శాతానికి దక్కాయి. ఇంటిల్లిపాదినీ వెంటాడే మార్పు మాత్రం వైద్య పత్రికల్లోనే మిగిలింది. ఇందులో మీడియా తప్పు కూడా ఉంది.

యూదుల్లో లోపాలు ఎక్కువన్న మాట అపోహ. మధ్యయుగాల్లో కొన్ని వందల మందికి కుంచించుకుపోయి, మళ్లీ లక్షలుగా పెరిగిన సమాజమది. అందుకే కొన్ని మార్పులు ఎక్కువమందిలో పదేపదే కనిపిస్తాయి. దానికితోడు వారు వెతకనిచ్చారు. పసిపిల్లలను బలిగొనే టే-శాక్స్ వ్యాధిపై 1971లోనే రక్త పరీక్షలకు వరసకట్టి, ఆ వ్యాధిని 90 శాతానికి పైగా తగ్గించుకున్నారు. అలా ఇచ్చిన రక్త నమూనాల్లోనే 1995లో రొమ్ము క్యాన్సర్ మార్పు ఎంతమందిలో ఉందో లెక్కగట్టారు. ముందుకొచ్చిన పాపానికి ముద్ర వేయించుకోవాలా?

ముద్ర ఎంత దూరం పోతుందో 2023లో తెలిసింది. జన్యు పరీక్షలు చేసే 23అండ్‌మీ సంస్థ నుంచి కొల్లగొట్టిన సమాచారాన్ని హ్యాకర్లు అష్కెనాజీల జాబితా పేరిటే అమ్మకానికి పెట్టారు. ఉద్యోగం, ఆరోగ్య బీమా విషయాల్లో వివక్షను అడ్డుకునే 2008 నాటి అమెరికా చట్టం జీవిత బీమా జోలికి పోలేదు. పరీక్ష చేయించుకోమని చెబుతూ చట్టంలో కంత వదిలేయడం బాధ్యతారాహిత్యం. కుటుంబంలో క్యాన్సర్ లేకున్నా అష్కెనాజీ మహిళలకు రొమ్ము క్యాన్సర్ జన్యు పరీక్షను ఇజ్రాయెల్ 2020 నుంచి ప్రభుత్వ ఖర్చుతో చేయిస్తోంది. లించ్ మార్పులకూ అదే చొరవ చూపాలి.

ఇది మనకు పట్టని సంగతి కాదు. హైదరాబాద్‌లోని కణ, జీవాణు పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న 2017 నాటి అధ్యయనం దక్షిణాసియాలో 263 సమూహాలను పరిశీలించింది. వాటిలో 81 సమూహాలు అష్కెనాజీలకంటే ఎక్కువగా కొద్దిమంది పూర్వీకుల నుంచే విస్తరించాయని తేల్చింది. తెలుగునాట వైశ్యులు అందుకు ఉదాహరణ. శస్త్రచికిత్సకు ముందు కండరాలను సడలించే సక్సినైల్‌కోలిన్ మందు ఒక జన్యు మార్పు వల్ల వారిలో కొందరికి పడదు, ఊపిరి ఆడక గంటల తరబడి వెంటిలేటర్‌పై ఉంచాల్సి రావచ్చు. ముందే తెలిస్తే వేరే మందు వాడితే సరిపోతుంది. జన్యు లోపాల పేరిట బీమా ఎగ్గొట్టడం వివక్షేనని 2018లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. అయినా 2023 నాటి మన డిజిటల్ డేటా చట్టం జన్యు సమాచారానికి ప్రత్యేక రక్షణ ఇవ్వలేదు. ప్రభుత్వ పరిశోధన ప్రాజెక్టు జీనోమ్ ఇండియా సేకరించిన 10 వేల మంది జన్యుపటాలు ఫరీదాబాద్‌లో ఇప్పటికే భద్రపరిచి ఉన్నాయి. వాటిని సమూహాలవారీగా విడదీసి చదవడం మొదలవక ముందే కేంద్రం ఆ చట్టాన్ని సవరించాలి.