మా కారు పెట్టిన చుక్కల ముగ్గు

ముందుగా ఒక అభ్యంతరం. ‘ఆయిల్ లీక్’ అనే మాటని మనవాళ్లు చాలా బాధ్యత లేకుండా వాడేస్తున్నారు. కారు కింద నల్లగా నాలుగు చుక్కలు కనిపిస్తే చాలు, దారిన పోయేవాడు కూడా సైకిల్ ఆపి, ఒక కాలు కింద ఆనించి, "ఆయిల్ లీకవుతుందండోయ్" అని తీర్పు చెప్పి వెళ్లిపోతాడు. అదే మనిషికి చెమట కారితే పాపం కష్టపడుతున్నాడంటాం, ఇంజిన్‌కి మాత్రం ఆ మర్యాద లేదు. మొన్న సంక్రాంతికి ఈ విషయంలో బోలెడంత స్వానుభవం గడించినవాణ్ణి కాబట్టి, కేవలం ప్రజాహితం కోరి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

నాది 2007 మోడల్ మారుతి 800. 796 సీసీ, మూడు సిలిండర్లు, ఆయిల్ మహా అయితే మూడు లీటర్లు. ఆ కారు తయారీ 2014లోనే ఆపేశారు గానీ, మా అమలాపురం చుట్టుపక్కల కొబ్బరితోటల్లో తిరిగే కార్లకి ఆ కబురు ఇంకా అందలేదు. పండగ ముందు మా మెకానిక్ బానెట్ ఎత్తి, "ట్యాపెట్ కవర్ కాడ కొంచెం చెమ్మ పడతందండి, ప్యాకింగ్ మార్చేద్దాం, ఆయిలూ ఫిల్టరూ కూడా టైమైపోయింది, ఓ పూట వదిలేయండి" అన్నాడు. (ట్యాపెట్ కవర్ అంటే ఇంజిన్ నెత్తిన ఉండే రేకు మూత, ప్యాకింగ్ అంటే ఆ మూత అంచుల్లోంచి ఆయిల్ రాకుండా వేసే రబ్బరు పట్టీ.) చెమ్మ, అంతే. లీకు అనలేదు. అది లీకు స్థాయికి ఎదగడం వెనక ఉన్న కృషి పూర్తిగా నాదే.

ఫోన్‌లో పదకొండు నిమిషాల వీడియో చూశాను. అందులో పనిచేసే ఆయన తెల్ల చొక్కా వేసుకుని మొదలెట్టి తెల్ల చొక్కాతోనే ముగించాడు. అక్కడే అనుమానం రావాలి నాకు. రాలేదు. రబ్బరు ప్యాకింగు, ఫిల్టరు, ఆయిలు అమలాపురంలో కొనుక్కొచ్చి, ఆదివారం పొద్దున్నే లుంగీ ఎగ్గట్టి దిగాను. ట్యాపెట్ కవర్ విప్పాను, పాత ప్యాకింగ్ ఎండిన చింతపండు తొక్కులా ముక్కలు ముక్కలుగా ఊడింది, కొత్తది గాడిలో కూర్చోబెట్టాను, ఇదంతా సజావుగానే జరిగింది. ఫిల్టరే మొరాయించింది. చేత్తో రాలేదు, గుడ్డ చుట్టి తిప్పినా రాలేదు, ఆఖరికి దాని పొట్టలో స్క్రూడ్రైవర్ గుచ్చి మెలిపెడితే మోచేతి దాకా నల్లటి అభిషేకం చేసి వచ్చింది. వచ్చినదాన్ని వచ్చినట్టే పాత సంచిలో పడేసి, వీడియోలో చెప్పినట్టు కొత్త ఫిల్టర్ రబ్బరు రింగుకి వేలితో కాస్త ఆయిల్ రాసి, రింగు ఆనాక ఇంకో ముప్పావు చుట్టు తిప్పి బిగించాను. ఒక్క బోల్టు కూడా మిగల్లేదు. ఆ సంగతి మా ఆవిడకి రెండుసార్లు చెప్పాను.

మర్నాడు పొద్దున్న కారు కింద అర్ధరూపాయి బిళ్లంత మచ్చ. పోసేటప్పుడు ఒలికిందిలే అన్నాను. ఆ మర్నాడు అరచేయంత. పోసేటప్పుడు ఒలికింది ఇంకా కారుతోంది అన్నాను. మూడోరోజుకి తాంబూలం పళ్లెమంత అయింది. "ఏమండీ, పోసిన ఆయిలు కంటే ఒలికిన ఆయిలు ఎక్కువున్నట్టుందే" అంది మా ఆవిడ. ఇలాంటి మాటల వల్లే ఈ దేశంలో స్వయంకృషి వెనకబడిపోతోందని నా నమ్మకం.

అసలు చమురు బయటికి రావడం కోనసీమలో వింతేమీ కాదు. ఇక్కడి భూమిలో చమురూ గ్యాసూ ఉన్నాయని వేల మీటర్లు తవ్వి మరీ తీస్తున్నారు. 1995 జనవరిలో పాశర్లపూడి బావిలో మంట లేస్తే ఆర్పడానికి రెండు నెలలు దాటింది, ఆ రోజులు చూసినవాళ్లు ఇప్పటికీ రాత్రిపూట పట్టపగల్లా ఉండేదని చెబుతారు. అలాంటి చోట ఒక మనిషి పది నంబరు స్పానర్ ఒక్కటి పట్టుకుని, రిగ్గు లేకుండా, లైసెన్సు లేకుండా, ఇంటి వాకిట్లోనే చమురు కనిపెడితే సన్మానం చెయ్యాలి కదా. మా వీధిలో ఎవరూ ముందుకు రాలేదు.

సరే, దర్యాప్తు. మెకానిక్ చెమ్మ పడుతోందన్నది ట్యాపెట్ కవర్ దగ్గరే కాబట్టి దోషి అదే అని తేల్చేశాను. పైగా దాని చుట్టూ తడిగా కూడా ఉంది. (ఆయిల్ పోసేటప్పుడు నిజంగానే ఒలికింది మరి.) కారుతున్నదాన్ని బిగించాలి, ఇది చిన్నపిల్లాడికైనా తెలుసు. బిగించాను. తగ్గలేదు. ఇంకా బిగించాను. చిన్న కార్లలో ఆ బోల్టులకి పది న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల బిగువు చాలట, అంటే మణికట్టుతో తిప్పితే సరిపోతుందన్నమాట. నేనేమో స్పానర్‌కి గొట్టం తగిలించి, పంటు తాడు లాగినట్టు లాగాను. రేకు కవర్ కాస్త వంకర తిరిగింది, రబ్బరు అంచుల్లోంచి బయటికి తొంగిచూసింది. అంతకుముందు ఉత్తినే తడిగా ఉన్న చోట ఇప్పుడు నిఖార్సైన లీకు మొదలైంది. అంటే మొదటిదానికి తోడు రెండోది.

అప్పుడు ప్యాకింగ్ సందులు పూడ్చే గ్యాస్కెట్ పేస్టు ట్యూబు కొన్నాను. దాన్ని సన్నగా ఆత్రేయపురం పూతరేకులా పరవాలి, అదీ శుభ్రంగా తుడిచి ఆరబెట్టిన ఇనుము మీద. నేను ఆయిల్ జిడ్డు మీదే బొబ్బట్టులా పరిచాను. కవర్ లోపల వేయాల్సింది బయట కూడా వేశాను, బోల్టు తలల మీద వేశాను, మిగిలిపోతే పాడవుతుందని ఆయిల్ మూత చుట్టూ కూడా వేశాను. ఎక్కువైన పేస్టు లోపలికి ఊడిపడితే ముక్కలు ముక్కలై ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్లోకి చేరి, ఆయిల్ పీల్చే జల్లెడకి అడ్డం పడుతుందనీ, అప్పుడు ఇంజిన్ ఎండిపోయి పట్టేస్తుందనీ తర్వాత తెలిసింది. లీకు వల్ల కార్లు చావడం అరుదు, లీకు ఆపేవాళ్ల వల్ల చస్తాయి.

ధవళేశ్వరం వెళ్లినప్పుడల్లా కాటన్ దొర విగ్రహానికి దణ్ణం పెట్టుకోవడం నాకు అలవాటు, ఇప్పుడు మొహం చాటేస్తున్నాను. ఆయన 1847లో మొదలెట్టి 1852 కల్లా అంత గోదావరికి అడ్డంగా ఆనకట్ట నిలబెట్టాడు. నేను మూడు లీటర్ల ఆయిల్ని, అదీ ఇనప పెట్టెలో బిగించి ఉన్నదాన్ని నిలబెట్టలేకపోయాను.

ఇంతలో పండగ వచ్చేసింది. అంబాజీపేట అవతల మా అత్తారిల్లు, కొత్తగా గచ్చు చేయించిన వాకిలి. గోదావరి జిల్లాల్లో సంక్రాంతికి వచ్చిన అల్లుడంటే తెలుసు కదా, ఆ మూడు రోజులూ ఆయన ఏం చేసినా ఒప్పే. పండగ నాటి పొద్దున్న లేచి చూస్తే, మా మరదలు తెల్లారగట్ల లేచి పదిహేను చుక్కలు పెట్టి కలిపిన ముగ్గు మధ్యలో మా కారు తనవంతుగా ఓ ఏడెనిమిది చుక్కలు పెట్టి ఉంది. తెల్లటి ముగ్గు మీద నల్లటి చుక్కలు, కింద గొబ్బెమ్మ పక్కన ఒక పెద్ద మడుగు, అందులో తేలుతూ ఒక బంతిపూవు రెక్క. ఎవరూ ఏమీ అనలేదు. మావయ్యగారు వక్కపొడి నోట్లో వేసుకుని చాలాసేపు పరిశీలించి, "అల్లుడుగారూ, కారు చుక్కలు మా బాగా పెడతందండి. కలపడానికి పిల్లల్ని పంపమంటారా?" అన్నారు.

ఇక అరుగు మీద అఖిలపక్షం కూర్చుంది. రంపపు పొట్టు పొయ్యమన్నారొకరు, కొబ్బరిపొట్టయితే ఇంకా బాగా పీలుస్తుందన్నారు ఇంకొకరు (ఇది నిజమే, మచ్చ పీల్చేసింది, మచ్చ వచ్చే దారిని మాత్రం ఏమీ చెయ్యలేదు). మా బావమరిది ఫోన్ చూసి, పౌడర్ జల్లి ఇంజిన్ ఆన్ చేస్తే లీకు దొరికిపోతుందన్నాడు. పద్ధతి మంచిదే, కాకపోతే ముందు ఇంజిన్ కడిగి ఆరబెట్టి ఆ తర్వాత జల్లాలి, అప్పుడు తెల్లటి పౌడర్ మీద తడిదారి గీత గీసినట్టు కనబడుతుంది. మేం జిడ్డు మీదే డబ్బా అంతా జల్లేశాం. ఇంజిన్ పెళ్లికి ముస్తాబైనట్టుంది, లీకు దొరకలేదు, మా ఆవిడ పౌడర్ డబ్బా అయిపోయింది.

అసలు మాట మా అత్తగారన్నారు. ఆవిడకి కారు తలుపు తియ్యడం కూడా సరిగ్గా రాదు. వంటింటి గుమ్మంలోంచి తొంగి చూసి, నేను మళ్లీ స్పానర్ తియ్యడం చూసి, "అదేంటి బాబూ, అరిసెల చెక్క పెట్టి నొక్కినట్టు నొక్కుతున్నారు? నొక్కేకొద్దీ నూనె కారదూ?" అన్నారు. వారం రోజులుగా నేను చేస్తున్నది ఒక్క ముక్కలో తేల్చేశారు. చెబుతున్నాను కదా, ఇంజినీరింగ్ కాలేజీల్లో అరిసెలు ఒక సబ్జెక్టుగా పెట్టాలి.

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి బయల్దేరాం. పదకొండు ఊళ్ల రుద్రుల్ని, వెదుళ్లూ రంగు బట్టలూ కట్టిన అంతెత్తు ప్రభల మీద, పచ్చటి వరిచేల మధ్యనుంచీ కౌశిక ఏటి నీళ్లలోంచీ భుజాల మీద మోసుకొస్తారక్కడ. సగం దారిలో డాష్‌బోర్డు మీద ఎర్రగా నూనె కుండ బొమ్మ వెలిగింది. దీన్ని మాత్రం ఎవరూ వేళాకోళంగా తీసుకోవద్దు. అది ‘ఆయిల్ తగ్గుతోంది సుమా’ అని ముందుగా చెప్పే దీపం కాదు, ప్రెషర్ అప్పటికే పడిపోయిందని చెప్పే దీపం, వెలిగిన వెంటనే ఇంజిన్ కట్టేయాలి. కట్టేశాను. జనం భుజాల మీద ప్రభలు మోస్తుంటే మేం నలుగురం కారుని తోసుకుంటూ వెళ్లాం. దారిలో ఒక పెద్దాయన, "ఇది ఏ ఊరి ప్రభండీ?" అని అడిగారు.

పండగయ్యాక మెకానిక్ ఊళ్లోకి వచ్చాడు. బానెట్ ఎత్తి పౌడరూ పేస్టూ కలిసిన ఆ దృశ్యాన్ని కాసేపు చూశాడు. నవ్వలేదు, అది వృత్తి ధర్మం అనుకుంటా. "పైన ఎందుకండి ఇంత కుస్తీ? ఇక్కడ ప్రెషరే ఉండదు, ఆయిల్ ఊరికే చిమ్మి కిందకి జారిపోద్ది. గట్టు ఎక్కడ తెగిందో చూడకుండా నీళ్లు నిలబడ్డ కాడ బస్తాలెయ్యకూడదండి" అంటూ కింద దూరి ఫిల్టర్ చుట్టూ వేలితో తడిమాడు. ఇంజిన్ తిరుగుతుంటే ఆయిల్ పంపు మూడు నాలుగు కేజీల ప్రెషర్‌తో తోసేది ఆ ఫిల్టర్లోకేనట. ఫిల్టర్ విప్పాడు. దాని రింగు దానికే ఉంది. ఇంజిన్ మొహానికి ఇంకో రింగు అతుక్కుని ఉంది, నల్లగా, పాతది, నేను స్క్రూడ్రైవర్‌తో పొడిచి చంపిన ఫిల్టర్ తాలూకు. రింగు మీద రింగు పెట్టి బిగించానన్నమాట. గోరుతో లాగితే ఊడొచ్చింది.

"ఎంతైంది?" అన్నాను.

"రింగు తీసినందుకేం ఒద్దండి. పోయిన ఆయిల్ డబ్బులూ, కొత్త ప్యాకింగ్ డబ్బులూ ఇవ్వండి. కవర్ రేకు సుత్తితో సాపు చేశాను, దానికీ వద్దు. మీరు పూసిన పేస్టు గీకినందుకు మాత్రం రెండు పూటల కూలండి, ఆయ్."

ఇచ్చేశాను. ఆ పాత రింగు అడిగి జేబులో వేసుకున్నాను. మా ఇంటి నీళ్ల మోటారు దగ్గర నాలుగు రోజుల నుంచి కొంచెం చెమ్మ పడుతోంది, చూస్తే దీని కొలత దానికి సరిగ్గా సరిపోయేలాగే ఉంది. స్పానర్ల డబ్బా ఎక్కడ పెట్టిందో మా ఆవిడ చెప్పడం లేదు.