జంషీద్ మన యముడేనా?

బాబాయి జంషెడ్‌పూర్‌లో ముప్పై ఏళ్ళు ఉద్యోగం చేసి రిటైరై హైదరాబాద్ వచ్చేశాడు. అతని అన్న కూతురు ఇక్కడే ఫార్సీ చదువుతోంది. నేను ఎవరి పక్షమో దాచను: అమ్మాయి పక్షమే.

బాబాయి: ఇరాన్ పాత కథల్లో రాజు జంషీద్ అంటే ఎవరనుకున్నావు? మన యముడే. పార్సీల పవిత్రగ్రంథం అవెస్తాలో అతని పేరు యిమ, తండ్రి వివంహ్వంత్. మన యముడి తండ్రి వివస్వంతుడు. పేరు మనది, వాళ్ళు పట్టుకెళ్ళారు. ఇందులో వాదించడానికేముంది?

అమ్మాయి: పట్టుకెళ్ళారన్నది తప్ప మిగతాదంతా ఒప్పుకుంటాను బాబాయ్. అన్నదమ్ముల ఇళ్ళలో ఒకే రకం చెంబులుంటే తమ్ముడు దొంగిలించాడంటామా? తాతగారి నుంచి చెరొకటి వచ్చిందంటాం.

బాబాయి: చెంబుల సంగతి సరే, రుజువేది?

అమ్మాయి: వివస్వంత్‌లో ‘స’ ఉన్నచోట వాళ్ళకి ‘హ’ ఉంది చూడు. మన సోమం వాళ్ళకి హఓమ. మన సప్త వాళ్ళకి హప్త; నువ్వు పాతబస్తీలో వినే హఫ్తా, ఏడు రోజుల వారం, అందులోంచే వచ్చింది. అరువు తెచ్చుకునేవాళ్ళు నాలుగు మాటలు తెచ్చుకుంటారు, అంకెలూ దేవుళ్ళూ అన్నీ ఒకే పద్ధతిలో మార్చుకుని తెచ్చుకోరు. ఇక జంషీద్ అన్నది రెండు మాటలు, యిమ, క్షఏత. మాట మొదట్లో ఉన్న పాత ‘య’ ఫార్సీకి వచ్చేసరికి ‘జ’ అయింది. మన యువన్ వాళ్ళ జవాన్, మన యవలు వాళ్ళ జౌ. అలాగే యిమ జమ్ అయింది. క్షఏత అంటే వెలిగేది, అది అరిగి షీద్ అయింది. సూర్యుణ్ణి ఖుర్షీద్ అంటారే, అందులో ఉన్నదీ ఆ షీదే. యిమ అంటే మాత్రం కవల. ఆ అర్థం మనకీ ఉంది, మర్చిపోయాం. కృష్ణుడు రోటితో కూల్చిన యమళార్జునాలు జంట మద్దులు కదా! యముడికి కవల చెల్లెలు యమి ఉందా లేదా?

బాబాయి: ఉంది. కానీ టెహ్రాన్ వీధిలో ఒక జంషీద్‌ని ఆపి పేరుకి అర్థమేంటని అడుగు. కవల అంటాడా?

అమ్మాయి: అనడు. అక్కడ నన్ను పట్టుకున్నావు. వాళ్ళకి జంషీద్ అంటే ఫిర్దౌసీ 1010లో ముగించిన షానామా అనే రాజుల కావ్యంలోని రాజు. ఏడు వందల ఏళ్ళు ఏలాడు. ఇనుము కరిగించి ఆయుధాలు చేయించాడు, బట్ట నేయడం నేర్పాడు. దేవ్‌లు, అంటే అక్కడ రాక్షసులు, అతని రత్నాల సింహాసనాన్ని ఆకాశంలోకి ఎత్తితే సూర్యుడిలా మెరిశాడు. జనం ఆ రోజునే నౌరోజ్, అంటే వాళ్ళ ఉగాది, అన్నారు. తర్వాత లోకాన్ని చేసింది నేనే అన్నాడు. ఫర్ర్, అంటే రాజతేజస్సు, వదిలిపోయింది. పగవాడైన జహ్హాక్ రాజు చేతికి చిక్కితే రంపంతో రెండుగా కోయించాడు. క్రీ.పూ. 518 ప్రాంతంలో పర్షియా చక్రవర్తి డేరియస్ మొదలుపెట్టిన రాజధాని పర్సెపొలిస్‌ని కూడా, కట్టించినవాణ్ణి మర్చిపోయి, జంషీద్ సింహాసనమనే అర్థంలో తఖ్తె జంషీద్ అంటున్నారు.

బాబాయి: ఇంకోటి చెప్పనా? అవెస్తాలో యిముడి రాజ్యంలో ముసలితనమూ లేదు, చావూ లేదు. వేదంలో మన యముడు చావు దారి మొదట కనిపెట్టినవాడు. ఇద్దరికీ చావుతోనే లెక్క. నీ వ్యాకరణం ఆ సంగతి చెప్పిందా?

అమ్మాయి: లేదు. నాకు తట్టనే లేదు.

బాబాయి: మరి! పైగా రంపంతో కోయించుకున్నవాడి పేరు ఎవడు పెట్టుకుంటాడు? మనవాళ్ళు ‘యమా స్పీడు’ అంటారే గానీ కొడుకుని యముడా అని పిలవరు.

అమ్మాయి: పెట్టుకున్నారు బాబాయ్. 1424లో రెండు పైల (2π) విలువని 16 దశాంశ స్థానాల దాకా లెక్కగట్టిన ఇరాన్‌లోని కాషాన్ ఊరి పండితుడు జంషీదే. అంత దూరం ఎందుకు, మన గోల్కొండ జంషీద్ కులీ కుతుబ్ షా?

బాబాయి: ఆ మహానుభావుడా! తండ్రిని చంపించి గద్దెక్కాడంటారు. తమ్ముడు ఇబ్రహీం ప్రాణభయంతో విజయనగరం పారిపోయాడు. మన కవులు మల్కిభరాముడని పొగిడింది ఆ తమ్ముణ్ణి, ఇతన్ని కాదు. షీద్ అంటే వెలుగన్నావు, ఏదీ వెలుగు?

అమ్మాయి: 1543 నుంచి 1550 దాకా, ఉన్నదే ఏడేళ్ళు. సమాధి మాత్రం బాగుంటుంది, ఎనిమిది పలకలది.

బాబాయి: ఆరు.

అమ్మాయి: ఎనిమిది బాబాయ్, చుట్టూ తిరిగి లెక్కపెట్టాను.

బాబాయి: నేనూ లెక్కపెట్టాను, నువ్వు పుట్టకముందు. ఆదివారం పద. ఆరైతే టికెట్లూ, ఇరానీ చాయ్ నీవి.