వెనకాలే వచ్చే జీపు గారికి విన్నపం

మహారాజశ్రీ జీపు గారికి,

అనంతపురం రిలే సైకిల్ టీములో మూడో నంబరు రైడర్ నమస్కరించి రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి. మీ క్లచ్ మాత్రం కుశలంగా లేదని మెకానిక్ చెప్పాడు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు మీకు సన్మానం జరగాలి. మేము తొక్కే ఈ రిలేని అందరూ సైకిల్ పోటీ అంటున్నారు. నలుగురం వంతులేసుకుని తొక్కే టీములో 24 గంటలకు నా వాటా 6 గంటలు. మిగతా 18 గంటలు నేను మీ వెనక సీట్లోనే, ట్యూబులకూ అరటిపళ్ల గెలకూ మధ్యన ఇరుక్కుని ఉంటాను. న్యాయంగా అయితే నన్ను జీపు ప్రయాణికుడు అనాలి. అయినా ఫొటోలో సైకిలు పైకెత్తి నిలబడేది నేను. మీరు ఎక్కడో పార్కింగులో ఉంటారు.

మీ హోదా ఏమిటో అమెరికా వాళ్లకు తెలుసు. 1982లో మొదలైన రేస్ అక్రాస్ అమెరికాలో ఈ తీరం నుంచి ఆ తీరానికి దాదాపు 4,800 కిలోమీటర్లు. ఒంటరిగా తొక్కేవాళ్లకు గడువు 12 రోజులు, టీములకు 9 రోజులు. చీకటి పడితే రైడర్ మీ హెడ్‌లైట్ల వెలుతురులోనే తొక్కాలి. మీరు ఆగితే వాడూ ఆగాలి. 9 రోజుల్లో ముగించాలంటే రాత్రీ పగలూ కలిపి సగటున గంటకు 22 కిలోమీటర్లు పడాలి. అంటే ఒక దేశం మొత్తాన్ని మీ జాతి సెకండ్ గేరులో దాటుతోంది! రైడర్ల మోకాళ్ల మీద ఇంటర్వ్యూలు వస్తాయి, క్లచ్ ప్లేట్ల మీద ఎవరూ రాయరు. 2015లో నాసిక్ డాక్టర్లు, మహాజన్ అన్నదమ్ములు, ఇద్దరే టీముగా ఆ పోటీ గడువులోపల ముగిస్తే మనమంతా చప్పట్లు కొట్టాం. వెనకాల వచ్చిన బండికి ఒక్క దండన్నా వేశారా?

మా టీ షర్టుల మీద 'సైకిల్ తొక్కుదాం, కాలుష్యం తగ్గిద్దాం' అని పచ్చ అక్షరాల్లో రాయించుకున్నాం. అది చదవాలంటే మీ డీజిల్ పొగ కాస్త తెరిపి ఇవ్వాలి. రాత్రంతా ఒక సైకిలుకు ఒక జీపు చొప్పున కాల్చి, తెల్లారి కలెక్టరేట్ ముందు పర్యావరణం మీద మాట్లాడే ధైర్యం మాకుంది. బీఆర్ఎం అని, గడువులోపల ఎవరికి వాళ్లు దూరాలు ముగించే సైకిల్ సవారీలు తొక్కేవాళ్లు దీనికే నవ్వుతారు. వాళ్ల 600 కిలోమీటర్లకు 40 గంటల గడువు, వెనకాల బండి రాకూడదు, సాయమేదైనా దారిలో హాజరు వేయించుకునే కంట్రోల్ పాయింట్ల దగ్గరే. పంక్చరు పడితే వాళ్లే వేసుకుంటారు. పాపం, వాళ్లకు మీలాంటి అండ లేదు.

ఇక ఫిర్యాదులు. ఆషాఢం గాలి సంగతి మీకు తెలియంది కాదు. ఊరు దాటి రాప్తాడు వైపు, అంటే బెంగళూరు దిక్కుకు తిరిగామంటే చాలు, గాలి ఎదురొచ్చి ఛాతీ మీద చెయ్యి పెట్టి ఆపుతుంది. అంత వెడల్పాటి ఒళ్లు పెట్టుకుని మీరు ఆ గాలికి అడ్డం రాకూడదట, వచ్చినా మేము మీ చాటున దాక్కోకూడదట, రూలు! మీరు వెనకాలే ఉండి హారన్ కొట్టి ఉత్సాహపరచాలి. మరూరు టోల్‌గేటు దగ్గర మేము పక్కదారిన ఊరికే వెళ్లిపోతాం, మీకేమో ఫాస్టాగ్‌లో డబ్బులు కట్ అవుతాయి. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ ముందు కొత్త కార్లు బారులు తీరి చూస్తుండగా మీరు 18 స్పీడులో, నాలుగు ఇండికేటర్లూ కొట్టుకుంటూ పోవడం నామోషీగానే ఉంటుంది. కాదనను.

మీ నెత్తిన మైకు పెట్టినప్పటి నుంచీ ఊళ్లలో అనుమానాలు కూడా పెరిగాయి. స్టీరింగ్ దగ్గర మా బావ, మైకులో "తొక్కు సామీ, ఇంగ నాలుగు కిలోమీటర్లే!" అంటాడు. గుత్తిలో అడిగినా నాలుగే, డోన్‌లో అడిగినా నాలుగే. ఒక ఊళ్లో ఆడవాళ్లు గడపలోకి వచ్చి "ఎవరు నిలబడినారప్పా?" అని అడిగారు. ఇంకోచోట టీ కొట్టు ముందు కూర్చున్న పెద్దాయన నన్ను జాలిగా చూసి, "అంత పెద్ద జీపు ఎనకాలే వస్తాంది కదప్పా, ఎక్కించుకోరా నిన్ను?" అన్నాడు. ఈ ఆట మొత్తం మీద ఇంతకన్నా సూటి ప్రశ్న నేను వినలేదు.

జవాబు చెప్పాలంటే వంతు మారే చోటికి రావాలి. పామిడి, పెన్న వంతెన దాటాక, అర్ధరాత్రి. పరుగు పందెంలో లాగా ఇక్కడ కర్ర అందించడాలు ఉండవు. వచ్చేవాడి ముందు చక్రం, వెళ్లబోయేవాడి వెనక చక్రం పక్కకు చేరితే చాలు, వంతు మారినట్టే. అరగంట ఊపిరి బిగబట్టి తొక్కి వచ్చినవాడు అక్కడే హ్యాండిల్ మీద వాలిపోతాడు. వెళ్లేవాడు అప్పటిదాకా మీ సీట్లో ముడుచుకుని బిగుసుకుపోయి ఉంటాడు. మొదటి పది తొక్కులకు తొడలు కొయ్యల్లా ఉంటాయి, షూ అడుగున ఉండే క్లీటు బిళ్ల పెడల్‌కు తగులుకోదు, నోట్లో ఇంకా ఉగ్గాని. చిన్న వంతులైతే స్పీడు నిలుస్తుంది, నిద్ర ఉండదు. పెద్ద వంతులైతే నిద్ర ఉంటుంది, స్పీడు పడిపోతుంది. ఈ బేరం రాత్రంతా తెగదు. మీరు మాత్రం ఇద్దరికీ సమానంగా లైటు వేస్తారు, దిగినవాడికి తడి సీటు ఇస్తారు.

కాబట్టి మా కోరికలు కొన్నే. ఏసీ ఒకడికి వేస్తే ఇంకొకడికి కాళ్లు పట్టేస్తున్నాయి, ఎవరి మాటా వినకుండా మీరే తేల్చండి. వెనక సీటు కింద పోయిన నా ఎడమ సాక్సు తిరిగి ఇప్పించండి. పుణె నుంచి గోవాకు 643 కిలోమీటర్ల డెక్కన్ క్లిఫ్‌హ్యాంగర్ సైకిల్ పోటీకి పేరు ఇవ్వాలని నలుగురం తీర్మానించాం. మిమ్మల్ని అడగకుండానే తీర్మానించాం, ఘాట్లున్నాయని మీకు ముందుగా చెప్పకపోవడం మా పెద్దమనిషి తరహా.

ఇట్లు,
మీ వెనక సీటు, ఎడమ కిటికీ

తా.క.: క్లచ్ ప్లేటు బిల్లు నలుగురం పంచుకున్నాం. మీ ఓనరు మా మామకు మాత్రం బెంగళూరు పెళ్లికి పోయి వచ్చామని చెప్పాం. సైలెన్సరుకు చుట్టుకున్న రేస్ నంబరు రిబ్బను ఆయన చూడకముందే ఊడదీసుకోగలరు.